పుస్తకాన్ని మా ఇంటి దాకా రానివ్వండి

గ్రంథాలయాల బాధ్యత చూస్తున్న అధికారులకు, విద్యాశాఖ అధికారులకు, మేము ఓట్లేసి గెలిపించుకున్న ప్రజాప్రతినిధులకు, మా పిల్లలకు పాఠాలు చెప్తున్న సార్లకు, మేడమ్‌లకు

నమస్కారం.

నేను వరంగల్ శివారులోని ఒక కాలనీలో ఉంటాను. ఇంట్లోనే కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడతాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పెద్దబిడ్డ రెండో తరగతి చదువుతోంది, చిన్నోడికి మూడేళ్లు. ఈ లేఖ రాసింది నేనైనా ఇందులోని మాట మా కాలనీలో 23 మంది తల్లులది. వాళ్లలో ఆరుగురు సంతకం రాక వేలిముద్ర వేశారు. ఆ వేలిముద్రల గురించి కింద మళ్లీ చెప్తాను.

మేము అడుగుతున్నది ఒక్కటే. మా దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో ఉన్న పిల్లల కథల పుస్తకాలను ఇంటికి తీసుకెళ్లనివ్వండి. దీని కోసం మూడుసార్లు రాసిచ్చాం. మొదటిసారి నిరుడు జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, లైబ్రరీలోనే ఇచ్చాం. రెండోసారి సోమవారం ప్రజావాణికి పోయి అర్జీ పెట్టాం, రసీదు తీసుకున్నాం. మూడోసారి నవంబర్ 14న, గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు, సభకు వచ్చిన పెద్దల చేతికే ఇచ్చాం. ఆ రోజు మాట్లాడిన వాళ్లందరూ తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలకు చదివే అలవాటు చేయాలని చెప్పారు. అది నిజం కాబట్టే మేము అర్జీ పెట్టాం. మూడింటిలో ఒక్కదానికీ ఇంతవరకు జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

మా లైబ్రరీలో పరిస్థితి ఇదీ. లోపలికి పోగానే ఎడమ చేతి వైపు గోడకు బాలల విభాగం అని రాసి ఉంటుంది. దాని కింద ఒక అద్దాల బీరువా. అద్దం బయట నుంచి నేను లెక్కపెట్టినంత వరకు 140 దాకా పుస్తకాలున్నాయి. కొన్ని బొమ్మల పుస్తకాలు, కొన్ని నీతి కథలు, జంతువుల గురించి కొన్ని. బీరువాకు తాళం. తాళంచెవి దగ్గర ఉంచుకునే సారు ఇంకో లైబ్రరీ కూడా చూసుకోవాలి కాబట్టి వారంలో మూడు రోజులే ఇక్కడికి వస్తారు. ఆయన ఉన్నప్పుడు అడిగితే ఒక పుస్తకం తీసి ఇస్తారు, అక్కడే బల్ల మీద చదువుకుని ఇచ్చేయాలి. ఆ బల్లలు పెద్దవాళ్ల ఎత్తుకు చేసినవి. చుట్టూ గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదువుకునే పిల్లలుంటారు, వాళ్లకు నిశ్శబ్దం కావాలి. నా బిడ్డకు గట్టిగా చదివి వినిపించాలి. నేను గొంతు తగ్గించి చదివాను, బిడ్డ మధ్యలో నవ్వింది, అందరూ తల తిప్పి చూశారు. వాళ్ల తప్పు లేదు, మా తప్పూ లేదు. ఆ గది ఆ పనికి కాదు.

ఇంటికి ఇవ్వండి సార్ అని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "పిల్లలు చింపుతరమ్మా. లెక్కల తక్కువొస్తే నా జీతంలకెళ్లి కట్టాల్సి వస్తది." ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన భయం నాకు అర్థమైంది. నా దగ్గర కుట్టుకు ఇచ్చిన పట్టుబట్ట మీద పిల్లలు చెయ్యి వేస్తే నాకూ అలాగే గుండె ఆగినంత పనవుతుంది. కానీ పట్టుబట్టను జాగ్రత్తగా దాచాలి, పిల్లల పుస్తకాన్ని పిల్లలకు ఇవ్వాలి. ఈ రెండిటికీ ఒకే పద్ధతి పెట్టారు కాబట్టి ఆయన ఏమీ చేయలేకపోతున్నారు.

ఒకే ఒక్కసారి, ఆయన సెలవులో ఉన్నప్పుడు వచ్చిన ఇంకో ఆయన నన్ను నమ్మి ఒక పుస్తకం ఇంటికి ఇచ్చారు. ఒక ముసలి మేక, దాని మెడలో గంట, ఆ గంట పోగొట్టుకున్న పిల్లోడు. పుస్తకంలో చివరి నాలుగు పేజీలు లేవు. ఆ సంగతి ఇంటికొచ్చాకే తెలిసింది. అయినా అది మా ఇంట్లో ఉన్న 15 రోజుల్లో నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు. బువ్వ తినేటప్పుడు ఒకసారి, పండుకునే ముందు ఒకసారి. మూడో రోజుకు బిడ్డ నాకంటే ముందే మాట అందుకునేది. అయిదో రోజు నా వేలు పక్కకు జరిపి తన వేలు పెట్టింది. అక్షరాలు కూడబలుక్కోవడం లేదు, నోటికి వచ్చిన వాక్యాన్ని వేలితో వెతుక్కుంటోంది. ‘గంట’ అనే మాట దొరికింది. ఆ పేజీలో ఇంకో రెండు చోట్ల అదే మాట ఉందని తనే కనిపెట్టింది. బడిలో ఏడాదిగా గుణింతాలు రాస్తున్న పిల్ల ఆ రాత్రి మొదటిసారి ఒక మాటను చూసి గుర్తుపట్టింది. చివరి పేజీలు లేవు కాబట్టి ఆ గంట ఎక్కడ దొరికిందో రోజుకో తీరుగా చెప్పేది. ఒకరోజు బావిలో, ఒకరోజు మేక కడుపులో, ఒకరోజు సమ్మక్క గద్దె దగ్గర.

ఒక ఏడుపు లేదు, ఒక దెబ్బ లేదు, ట్యూషన్ ఫీజు లేదు. చిరిగిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది, అంతే.

ఇది చూశాకే నేను కాలనీలో మిగతా తల్లులను కలిశాను. వాళ్లు చెప్పినవి, నేను చూసినవి కలిపి కింద రాస్తున్నాను. పుస్తకం ఇంటికి రాకపోతే మా లాంటి ఇళ్లలో ఏం జరుగుతోందో దయచేసి ఓపికగా చదవండి.

1. మా పిల్లలకు పుస్తకం అంటే హోంవర్క్ అని మాత్రమే తెలుసు. ఇంట్లో ఉన్నవన్నీ పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు, ఒక క్యాలెండర్. పుస్తకం తెరిస్తే ప్రశ్న వస్తుంది, ప్రశ్నకు జవాబు రాకపోతే తిట్టు వస్తుంది. పుస్తకం తెరిస్తే మేక కూడా వస్తుందని ఆ పిల్లలకు ఎవరు చూపించాలి? మా పక్కింటి బాబు నాలుగో తరగతి. నేను కథ చదువుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. అయిపోయాక "పెద్దమ్మా, ఇందులకెళ్లి ఏం ప్రశ్నలు వస్తయి?" అని అడిగాడు. ఏమీ రావురా, ఊరికే కథ అంటే నమ్మలేదు.

2. చదువు రాని తల్లుల సంగతి. పైన వేలిముద్రలు అన్నాను కదా. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఆడవాళ్ల అక్షరాస్యత 58 శాతం. అంటే నూటికి 42 మందికి అక్షరం రాదు. వాళ్లలో చాలామంది ఈ రోజు అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. ‘ఇంట్లో చదివి వినిపించండి’ అని మీరు సభలో చెప్పినప్పుడు వాళ్లు తలదించుకుంటారు. కానీ తలదించుకోవాల్సిన పని లేదని నేను మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మా అత్తమ్మకు ఒక్క అక్షరం రాదు. శాత్రాలు మాత్రం రాత్రంతా చెప్పగలదు. ఏడుగురు అన్నదమ్ములది, పులిని పెండ్లాడిన పిల్లది, బతుకమ్మ పాటల్లో వచ్చే ఆడబిడ్డల కష్టాలు. ఆ మేక పుస్తకం మా ఇంట్లో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం చిన్నోడు దాన్ని తీసుకుపోయి ఆమె ఒడిలో పెట్టాడు. నేను మిషన్ మీద ఉండి చూస్తున్నాను. ఆమె పేజీ తిప్పుతూ బొమ్మలు చూసి తన కథ చెప్పింది. అందులో మేక పేరు లచ్చవ్వ. పిల్లోడు జీతగాడు, దొర దగ్గర మేకలు కాస్తాడు. పుస్తకంలో దొర లేడు. కానీ చిన్నోడు ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి ఇదేంది, ఇదేంది అని అడుగుతుంటే ఆమె ఒక్కోదానికి మాట చెప్పింది. గూటం, దామెన, కంచె, దొడ్డి. ఆ మాటలు నాకే సగం మరుపున పడ్డాయి. ఆమె అక్షరాలు చదవలేదు, పుస్తకం మాత్రం చదివింది. మూడేళ్ల పిల్లోడికి ఆ వయసులో కావాల్సింది అదే: ఒడి, బొమ్మ, మాట, పేజీ తిప్పే చెయ్యి. పుస్తకం ఒక్కటి ఇంటికి వస్తే చదువురాని అవ్వ కూడా చదువు మొదలుపెట్టించగలదు. ఆ ఆరుగురు వేలిముద్ర వేసింది ఇది విన్నాకే.

3. ఫోన్. దీని గురించి మాకు అందరూ చెప్తారు, డాక్టర్లు, టీచర్లు, టీవీలో వచ్చేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నిండని పిల్లలకు తెర అసలు చూపించకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు. మాకు తెలుసు. మిరప సీజన్‌లో మా ఆయన రాత్రి 11 దాటాక వస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో నా మిషన్ ఆగదు. ఆ టైంలో పిల్లోడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఫోన్ తీసేయమంటున్నారు, తీసేస్తాం. ఆ ఖాళీ చేతిలో పెట్టడానికి మాకు ఏదైనా ఇవ్వండి.

4. కొనుక్కోవచ్చు కదా అంటారు. లెక్క చూడండి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం 16, 24 పేజీలు ఉంటుంది. చవకైనవి 40, 50 రూపాయలకు దొరుకుతాయి. చదవడానికి పది నిమిషాలు. పిల్ల రుచి మరిగితే వారానికి మూడు కొత్తవి అడుగుతుంది. ఏడాదికి 156 పుస్తకాలు, పుస్తకం 50 అనుకుంటే 7,800 రూపాయలు. అది మా ఇంటికి నెలన్నర బియ్యం, కూరగాయలు, గ్యాస్. పైగా ఆరేళ్లప్పుడు కొన్నవి ఎనిమిదేళ్లకు పనికిరావు. చిన్నపిల్లల పుస్తకాలు చేతులు మారాల్సిన వస్తువులు, ఒక్క ఇంటివాళ్లు కొని దాచుకోవాల్సినవి కావు. లైబ్రరీ అనేది పెట్టిందే ఇందుకు. మా 23 ఇళ్లు తలా ఆరు పుస్తకాలు తీసుకుని 15 రోజులకోసారి ఒకరికొకరు మార్చుకుంటే చాలు, ఆ బీరువాలోని 140 పుస్తకాలూ ప్రతి పిల్ల చేతికీ ఒక్క ఏడాదిలో చేరతాయి.

ఉచితంగా ఏమీ అడగడం లేదని కూడా చెప్పాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మా ఇంటి పన్ను 1,850. దాని మీద లెక్క కడితే లైబ్రరీ కోసం 148 రూపాయలు. మా కాలనీలో ఇలాంటి ఇళ్లు 300 దాకా ఉన్నాయి. అందరూ ఇంతే కడితే ఏడాదికి 44,400 రూపాయలు. యాభై రూపాయల పుస్తకాలు 888 వస్తాయి. ఆ డబ్బుతో కరెంటు, పేపర్లు లాంటివి కూడా నడవాలని మాకు తెలుసు. 888 అడగడం లేదు. ఉన్న 140కి తాళం తీయమంటున్నాం.

5. భాష. మా బిడ్డ ఒకరోజు పుస్తకంలో చదివి, "అమ్మా, ఇట్ల ఎవరు మాట్లాడుతరు?" అని అడిగింది. ఇంట్లో ‘నీళ్లు తాగినవా’ అంటాం, పుస్తకంలో ‘త్రాగితివా’ అని ఉంది. పిల్లకు తను మాట్లాడేది తప్పేమో అనిపిస్తుంది. కాళోజీ నారాయణరావు గారు పలుకుబడుల భాష, అంటే జనం మాట్లాడుకునే భాష కోసం జీవితమంతా మాట్లాడింది మన ఈ హనుమకొండలోనే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు బళ్లలో పెద్దపిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు. అయిదేళ్ల పిల్ల చేతికి మన మాటలున్న బొమ్మల పుస్తకం ఇవ్వడం కూడా ఆ పనిలో భాగమే అని నేననుకుంటాను.

ములుగు, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలకు, మహబూబాబాద్ వైపు తండాల పిల్లలకు ఇది ఇంకా కష్టం. వాళ్ల ఇంటిమాట తెలుగు కాదు. బడికి వచ్చేసరికి తెలుగు కొత్త, 2022 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది కాబట్టి అది ఇంకా కొత్త. పాఠ్యపుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా అచ్చువేసి ఇస్తున్నారు, అది మంచి పని. అలాగే ఒక పక్క కోయ మాట, ఒక పక్క తెలుగు మాట ఉన్న కథల పుస్తకం ఆ ఇళ్లకు పోతే, పిల్ల తన ఇంటిమాట మీద నిలబడి రెండో భాషకు చెయ్యి చాపుతుంది.

6. బడిలో వెనకబడటం. అసర్ అనే చదువుల సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు. 2022లో దేశం మొత్తం మీద అయిదో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగిన వాళ్లు నూటికి 43 మందే. మిగతా 57 మంది మొద్దులు కాదు. అక్షరం తెలిసినా వేగంగా చదవడం రాకపోతే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు పట్టుబడాలంటే ఒకే మాట వందసార్లు కళ్ల ముందు పడాలి. పాఠ్యపుస్తకం ఒక్కటే ఆ వందసార్లు ఇవ్వలేదు. చదవడం రాని పిల్లకు ఆరో తరగతిలో సైన్స్ రాదు, సోషల్ రాదు, లెక్కల్లో ప్రశ్నే అర్థం కాదు. ఏడో తరగతి దగ్గర బడి మానేసిన మా ఆయనే చెప్తారు: లెక్కలు రాక కాదు, లెక్క ఏం అడుగుతుందో చదవలేక ఆగిపోయానని. ఇప్పుడు రాత్రి ఇంటికొచ్చాక బిడ్డ చేత చదివించుకుని వింటారు. ఆ పది నిమిషాల కోసం ఆమె నిద్ర ఆపుకుని కూర్చుంటుంది.

7. చివరికి లైబ్రరీకి కూడా ఇది నష్టమే. ఏడేళ్లప్పుడు పుస్తకం ఇంటికి ఇవ్వని పిల్ల ఇరవై రెండేళ్లకు ఉద్యోగం పరీక్ష కోసమే వస్తుంది. నోటిఫికేషన్లు ఆగితే మళ్లీ రాదు.

ఈ మాటలు చెప్పడానికి మా ప్రాంతానికి హక్కు ఉందని అనుకుంటున్నాం. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1904లోనే పుట్టింది. నిజాం కాలంలో చదువులు ఉర్దూలో నడుస్తుంటే, తెలుగు చదువుకోవడానికి బడులు కరువైతే, మన పెద్దలు చందాలు వేసుకుని పుస్తకాలు తెచ్చి పెట్టారు. రాష్ట్రం వాళ్లకు పుస్తకం ఇవ్వలేదు, వాళ్లే ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకున్నారు. బమ్మెర ఇక్కడికి ఎంతో దూరం లేదు, అక్షరం రాని ముసలివాళ్లు కూడా పోతన పద్యాలు నోటికి చెప్పే పల్లెలు ఇవి. 2022లో యునెస్కో వరంగల్‌ను లెర్నింగ్ సిటీల అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో చేర్చుకుంది. ఆ వార్త చూసి మా కాలనీలో సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అదే ఏడాది ఫిబ్రవరి 5న రాష్ట్ర ప్రభుత్వం ‘రీడ్’ పేరుతో వంద రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పుడు బడి నుంచి కథల పుస్తకం ఇంటికి తెచ్చుకున్న పిల్లలు ఆ కథలు ఇప్పటికీ చెప్తారు. వంద రోజులు చేసింది ఏడాది పొడుగునా చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

కాబట్టి మా కోరికలు ఇవి. మర్యాదగా అడుగుతున్నాం, కానీ ఈసారి జవాబు కావాలి.

1. అమ్మ లేదా నాన్న ఆధార్ నకలు, ఒక సంతకం లేదా వేలిముద్ర తీసుకుని, ప్రతి పిల్లకు ఒకేసారి రెండు పుస్తకాలు 15 రోజులకు ఇంటికి ఇవ్వాలి. పిల్లల సభ్యత్వానికి డిపాజిట్ అడగకూడదు. ఇది మా మొదటి కోరిక. మిగతావి ఆలస్యమైనా ఇది ఈ నెలలోనే మొదలుకావాలి.

2. పిల్లల పుస్తకాలు చిరిగితే, పోతే ఆ డబ్బు సిబ్బంది జీతంలో కోయబోమని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. చిన్నపిల్లల చేతుల్లో పుస్తకాలు కొన్ని పాడవుతాయి. ఏడాదికి ఇన్ని పాడవుతాయని ముందే లెక్కలో రాసుకుని కొట్టివేసే పద్ధతి పెట్టండి. ఈ ఒక్క ఆదేశం లేకపోతే పైన అడిగింది కాగితం మీదే ఉంటుంది. తాళం వేసింది ఆ సారు చెయ్యే అయినా, వేయించింది ఈ భయం. చిరిగినవాటిని మేము అతికించి ఇస్తాం. నా దగ్గర సూది, దారం ఉన్నాయి, పుస్తకం నడుము కుట్టడం నాకు వచ్చు.

3. బీరువా బదులు పిల్లల చెయ్యి అందే ఎత్తులో రెండు అరలు, కింద ఒక చాప. పోటీ పరీక్షల పిల్లలకు ఇబ్బంది కాకుండా వరండాలో పెట్టినా చాలు. ఆదివారం పొద్దున, మిగతా రోజుల్లో కనీసం మూడు సాయంత్రాలు 5 నుంచి 7 వరకు పిల్లల కోసం తెరిచి ఉంచాలి. బడి అయిపోయి, పిల్లలు ఇంటికొచ్చి, ఏదో తిని బయటికి వచ్చే టైం అది.

4. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు పిల్లల కోసం కొంత భాగం తీసి పెట్టండి, ఏవి కొనాలో చెప్పడానికి ఇద్దరు తల్లులను, ఒక ప్రైమరీ టీచర్‌ను కూర్చోబెట్టండి. తెలుగులో చిన్నపిల్లలకు మంచి పుస్తకాలు లేవనే మాట నిజం కాదు. పుస్తకాలు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ బుక్ ట్రస్ట్ 1957 నుంచి ఉంది. సికింద్రాబాద్‌లో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లు చవకగా వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, అవి నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి. పౌర గ్రంథాలయాలకు సాయం చేయడానికే 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఉంది. అడిగేవాళ్లు కావాలి.

5. టీచర్లకు ఒక విన్నపం. శుక్రవారం బడి సంచిలో ఒక కథల పుస్తకం పెట్టి పంపండి, సోమవారం తీసుకోండి. దాని మీద ప్రశ్నలు అడగొద్దు, సారాంశం రాయించొద్దు, మార్కులు వేయొద్దు. ‘నీకు ఏ బొమ్మ నచ్చింది?’ అని అడిగితే చాలు. అంగన్‌వాడీలకూ ఇదే. రాష్ట్రంలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు అక్కడే ఉంటారు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన అమ్మ చేతికో, అవ్వ చేతికో ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి పంపితే ఖర్చేముంది?

6. పుట్టిన బిడ్డకు పుస్తకం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగరంలో 1992 నుంచి పసిపిల్లల తల్లులకు పుస్తకాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. సర్కారు ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి గట్టి అట్టల బొమ్మల పుస్తకం ఒకటి ఇవ్వమని కోరుతున్నాం. ఇది పెద్ద పని, టైం పడుతుందని తెలుసు. ఆలోచించి చెప్పండి.

7. మా శాఖకు ఏడాదిలో వచ్చిన డబ్బు ఎంత, అందులో పిల్లల పుస్తకాలకు పెట్టింది ఎంత, ఎన్ని పుస్తకాలు ఇంటికి ఇచ్చారు అనే మూడు అంకెలు లైబ్రరీ బయట బోర్డు మీద రాయించండి. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి. ఏ నియమం అడ్డం వస్తుందో తెలిస్తే ఆ నియమం మార్చే వాళ్ల దగ్గరికి మేము పోతాం.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా రాస్తున్నాం. ఈ లేఖలో సంతకం పెట్టిన వాళ్లలో చదవడం వచ్చిన నలుగురం, ప్రతి శనివారం సాయంత్రం 5 నుంచి 6 వరకు లైబ్రరీ వరండాలో పిల్లలకు కథలు చదివి వినిపిస్తాం. మా అత్తమ్మ శాత్రం చెప్తానంది. ఎవరూ మాకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకున్న పుస్తకాల లెక్క రిజిస్టర్‌లో మేమే రాసి, నెలాఖరుకు సారుకు చూపిస్తాం. చాప మేమే తెచ్చుకుంటాం. ఆ బీరువా తాళంచెవి శనివారం ఆ ఒక్క గంటకు మా చేతికి ఇవ్వండి, వచ్చే శనివారం నుంచే మొదలుపెడతాం.

ఇట్లు,
మా కాలనీ తల్లుల తరఫున,
రెండో తరగతి చదువుతున్న ఒక బిడ్డ తల్లి
వరంగల్

(17 సంతకాలు, 6 వేలిముద్రలు, ప్రజావాణి రసీదు నకలు జతచేశాం.)